పచ్చి వేరా, శుద్ధి చేసిన వేరా: చైనా మూలికలు కొనేముందు చూడాల్సిన రసాయనాలు

జిన్సెంగ్ తెల్లది కొనాలా, ఎర్రది కొనాలా? తెల్లజుట్టు నల్లబడటానికంటూ ఆన్‌లైన్‌లో అమ్మే హె షౌ వు వేరు పచ్చిదైతే మంచిదా, శుద్ధి చేసినదా? అమ్మేవాళ్లను అడిగితే దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు ఒకటే: శుద్ధి చేసినది మంచిది, అందుకే దానికి ధర ఎక్కువ. ఒక్కో వేరునూ విడిగా చూస్తే ఈ జవాబు నిలబడదు. ఒక వేరులో శుద్ధి విషాన్ని విరుస్తుంది. ఇంకోదానిలో ఒక మందును తీసేసి మరో మందును తయారుచేస్తుంది. మూడోదానిలో ప్రమాదం ఎక్కడిదక్కడే ఉంటుంది, రంగు మాత్రం మారుతుంది. అందుకే ఏ వేరు విషయంలోనైనా అడగాల్సింది ఒకటే: వేడి తగిలాక ఇందులో ఏ పదార్థం పోయింది, ఏది కొత్తగా వచ్చింది?

చైనా వైద్యంలో వేళ్లను నానబెట్టడం, ఆవిరి పట్టడం, బియ్యపు సారాతోనో నల్ల సోయా గింజల కషాయంతోనో ఉడికించడం, తేనె పట్టించి వేయించడం వంటి శుద్ధి పద్ధతులన్నిటినీ కలిపి పావ్‌జి అంటారు. ఈ విద్యను 2006లో చైనా తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. చేతిపనిలా కనిపించినా లోపల నడిచేది రసాయన శాస్త్రమే. ముఖ్యంగా మూడు మార్పులు జరుగుతాయి. పెద్ద అణువుకు అంటుకుని ఉన్న చక్కెర ముక్కో ఆమ్లం ముక్కో నీటి వల్ల ఊడిపోతుంది. లేదా అణువులోంచి ఒక నీటి అణువు బయటికి పోతుంది. లేదా చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమ రంగు పదార్థాలు పుడతాయి. దీన్నే మైలార్డ్ చర్య అంటారు.

మన వంటింట్లోని శొంఠిలో జరిగేది రెండో మార్పు. పచ్చి అల్లంలో 6-జింజరాల్ ఎక్కువ. ఎండలోనో వేడిలోనో దాన్నుంచి ఒక నీటి అణువు పోతే 6-షోగాల్ అవుతుంది, ఘాటు పెరుగుతుంది. చైనా వైద్యులు కూడా పచ్చి అల్లాన్నీ ఎండు అల్లాన్నీ వేడి ఇసుకలో వేయించిన అల్లాన్నీ మూడు వేర్వేరు మందులుగా రాసిస్తారు. అల్లం బదులు శొంఠి వేసి అదే పని జరగాలని మనమూ అనుకోం కదా. మిగతా వేర్ల దగ్గరికీ ఈ ఎరుకతోనే వెళ్లాలి.

జిన్సెంగ్: తెలుపు, ఎరుపు, నలుపు

సింగపూర్ నుంచో అమెరికా నుంచో వచ్చే బంధువులు తెచ్చే పొట్లాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెల్లదైనా ఎర్రదైనా మొక్క ఒకటే, పానాక్స్ జిన్సెంగ్. చైనాలో జిలిన్ రాష్ట్రంలోని చాంగ్‌బాయ్ కొండల ప్రాంతం, కొరియాలో గుమ్‌సాన్, పుంగ్గి దీనికి పేరున్న చోట్లు. తవ్వి, మామూలుగా చెక్కు తీసి ఎండబెడితే తెల్ల జిన్సెంగ్. చెక్కుతోనే రెండు మూడు గంటలు ఆవిరి పట్టి ఎండబెడితే ఎర్ర జిన్సెంగ్. కొరియాలో ఎర్రదానికి సాధారణంగా ఆరేళ్ల వేరు వాడతారు. ఆవిరి పట్టడం, ఎండబెట్టడం మళ్లీ మళ్లీ చేస్తే, సంప్రదాయం ప్రకారం తొమ్మిదిసార్లు, నల్ల జిన్సెంగ్ అవుతుంది.

ఇందులో పనిచేసే పదార్థాలుగా చెప్పుకునేవి జిన్సెనోసైడ్లు. ఇవి ఒక మూల అణువుకు చక్కెరలు తగిలించినట్టు ఉంటాయి. పచ్చి వేరులోనూ తెల్లదానిలోనూ ఆర్‌బీ1, ఆర్‌జీ1, ఆర్‌ఈ వంటివి ఎక్కువ. వీటిలో కొన్నింటికి మాలోనిల్ అనే ఆమ్లపు తోక కూడా ఉంటుంది. ఆవిరి తగలగానే మొదట ఊడేది ఆ తోకే. తర్వాత ఇరవయ్యో కార్బన్ దగ్గరున్న చక్కెర పోతుంది. అలా ఆర్‌జీ3 పుడుతుంది. ఇంకా వేడి చేస్తే ఆర్‌జీ3 లోంచి నీటి అణువు పోయి ఆర్‌కే1, ఆర్‌జీ5 వస్తాయి. తెల్లదానిలో దాదాపు కనిపించని ఈ చివరి మూడింటినీ అరుదైన జిన్సెనోసైడ్లు అంటారు. ఎర్రదానికి రంగు ఇచ్చేది మైలార్డ్ చర్య. మాల్టాల్ అనే పదార్థం కూడా అందులోంచే వస్తుంది.

ఇంతవరకూ విన్నవాళ్లకు ఎర్రదే గొప్ప అనిపిస్తుంది. ప్రకటనలు ఆగేదీ ఇక్కడే. ఆ తర్వాతి కథ చెప్పరు. తెల్లదానిలోని ఆర్‌బీ1ను మన పేగుల్లోని బ్యాక్టీరియా ఒక్కో చక్కెరా తీసేసి కాంపౌండ్ కె అనే చిన్న అణువుగా మారుస్తాయి. రక్తంలోకి బాగా చేరేది ఆ చిన్న అణువే. అంటే కొంత మార్పు పొయ్యి మీద జరగకపోతే కడుపులో జరుగుతుంది. ఈ పని చేసే బ్యాక్టీరియా అందరిలో ఒకేలా ఉండవు. ఒకే వేరు ఒకరికి పనిచేసినట్టు, మరొకరికి ఏమీ కానట్టు అనిపించడానికి ఇదొక కారణం. కాబట్టి తెల్లది తక్కువరకం అనడం తప్పు. ఎర్రదానిలో ఆర్‌జీ3 ఉంది కాబట్టి అది పెద్ద జబ్బులను తగ్గిస్తుందనడం ఇంకా పెద్ద తప్పు. చైనాలో శుద్ధమైన ఆర్‌జీ3ని క్యాన్సర్ చికిత్సకు తోడుగా మందు రూపంలో వాడతారు. ఆ మోతాదుకూ, ఎర్ర వేరు ముక్క వేసి కాచిన టీలో ఉండే మోతాదుకూ పొంతనే లేదు.

ఇక ఎంపిక. సూపులోనో కషాయంలోనో వేసుకోవడానికి వేరుగానే కావాలంటే తెల్లది చాలు. మనిషి ఆకారంలో ఉన్న లావుపాటి వేరుకు ఎక్కువ డబ్బు పెట్టకండి. జిన్సెనోసైడ్లు చెక్కులోనూ సన్నటి పిల్లవేర్లలోనూ దట్టంగా ఉంటాయి. ఆకారం చూసి ఇచ్చే డబ్బు అందానికే పోతుంది. గుజ్జుగానో క్యాప్సూల్‌గానో కావాలంటే ఎర్రది తీసుకోండి, కానీ అంకెలు చూసి తీసుకోండి. కొరియా ప్యాకెట్ల మీద సాధారణంగా ఆర్‌జీ1, ఆర్‌బీ1, ఆర్‌జీ3 మూడింటి మొత్తాన్ని మిల్లీగ్రాముల్లో రాస్తారు. మొత్తం మాత్రమే ఉంటే ఆర్‌జీ3 విడిగా ఎంతో అడగాలి, ఎందుకంటే మొదటి రెండూ తెల్లదానిలోనూ ఉంటాయి. ఎర్రదానికి అదనంగా ఇచ్చే డబ్బు ఆ మూడోదాని కోసమే.

నల్లది నేను సిఫారసు చేయను. ఆర్‌జీ5, ఆర్‌కే1 అందులో ఎక్కువన్నది నిజమే. కానీ మళ్లీ మళ్లీ వేడిచేసి ఆరబెట్టడంలో బెంజోపైరీన్ అనే క్యాన్సర్ కారకం ఏర్పడే అవకాశం ఉంది. కొరియా దానికి పరిమితి పెట్టింది కూడా అందుకే. పరీక్ష కాగితం లేని నల్ల జిన్సెంగ్ ఇంటికి తెచ్చుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఏ రంగుదైనా రోజుకు అర గ్రాము నుంచి రెండు గ్రాముల ఎండు వేరు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలత. అలసట, జ్ఞాపకశక్తి మీద మనుషుల్లో జరిగిన పరీక్షల్లో చాలావరకు చిన్నవి, వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఏ రంగుదీ ముట్టుకోవద్దు. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు, చక్కెర మరీ పడిపోవచ్చు. రాత్రిపూట తాగితే కొందరికి నిద్ర పట్టదు.

హె షౌ వు: జుట్టు కోసం కొనేవాళ్లకు

తెల్లజుట్టును నల్లగా చేస్తుందని ఫో-టీ అనే పేరుతో కూడా అమ్మే వేరు ఇది. ఇందులో రెండు కుటుంబాల పదార్థాలను గుర్తుంచుకోవాలి. మొదటిది స్టిల్బీన్ గ్లూకోసైడ్. ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్‌కు దగ్గర చుట్టం. రెండోది ఎమోడిన్, ఫిసియాన్ వంటి ఆంత్రాక్వినోన్లు.

పచ్చి వేరులో ఆంత్రాక్వినోన్లు ఎక్కువగా చక్కెరతో జతకట్టి ఉంటాయి. ఆ జత రూపమే పెద్దపేగుదాకా వెళ్లి విరేచనాలు చేస్తుంది. అందుకే పచ్చిదాన్ని చైనా వైద్యులు మలబద్ధకానికి వాడతారు. నల్ల సోయా గింజల కషాయంతో కలిపి, లోపలా బయటా ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఆవిరి పడితే చక్కెర ఊడిపోతుంది, విడి ఎమోడిన్ పెరుగుతుంది, విరేచనం చేసే గుణం తగ్గుతుంది. స్టిల్బీన్ గ్లూకోసైడ్ కూడా తగ్గుతుంది. మందుల ప్రమాణాలను నిర్ణయించే అధికారిక గ్రంథమైన చైనా ఫార్మకోపియా కొలతల్లోనే ఈ తేడా కనిపిస్తుంది. స్టిల్బీన్ గ్లూకోసైడ్ పచ్చిదానిలో కనీసం 1.0 శాతం, శుద్ధి చేసినదానిలో కనీసం 0.70 శాతం ఉండాలి. ఆంత్రాక్వినోన్లను పచ్చిదానిలో జత రూపంలో కొలుస్తారు, శుద్ధి చేసినదానిలో విడి రూపంలో కొలుస్తారు.

కాలేయం దెబ్బతినడం ఈ వేరు అసలు సమస్య. ఈ వేరు వాడినవారిలో కామెర్లు, హెపటైటిస్ వచ్చిన కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2006లోనే హెచ్చరిక ఇచ్చింది. 2014లో చైనా సొంత నియంత్రణ సంస్థ ఆరోగ్య ఉత్పత్తుల్లో దీనికి రోజువారీ పరిమితి పెట్టింది: పచ్చిది 1.5 గ్రాములు, శుద్ధి చేసినది 3 గ్రాములు. పరిమితి రెట్టింపు ఉంది కాబట్టి శుద్ధి చేసినది భద్రమే అనుకోకూడదు. శుద్ధి చేసినది వాడినవాళ్లలోనూ కాలేయం దెబ్బతింది. 2019లో చైనా పరిశోధకులు హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అనే జన్యురూపం ఉన్నవారిలో ఈ ప్రమాదం చాలా ఎక్కువని చూపించారు. అంటే పక్కింటాయన ఏడాదిగా తాగుతున్నా ఏమీ కాలేదన్నది మీకు భరోసా కాదు. మీ జన్యువులు వేరు. స్టిల్బీన్ అణువుకు వెలుతురు తగిలితే దాని ఆకారం ట్రాన్స్ రూపం నుంచి సిస్ రూపానికి మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. అద్దాల బీరువాలో నెలల తరబడి పెట్టిన పొడిలో ఏముందో లేబుల్ చెప్పదు.

జుట్టు నల్లబడటానికి ఆధారంగా చూపించేవి ఎక్కువగా ఎలుకల మీదా, కణాల మీదా చేసిన ప్రయోగాలు. ఒకపక్క తెల్ల వెంట్రుకలు, ఇంకోపక్క కాలేయం. ఈ బేరం ఎలా చూసినా గిట్టదు. కాబట్టి జుట్టు కోసమైతే పచ్చిదీ వద్దు, శుద్ధి చేసినదీ వద్దు. ఇప్పటికే వాడుతుంటే ఆపేసి ఒకసారి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూపే రక్తపరీక్ష) చేయించుకోండి. మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, అంతుపట్టని నీరసం ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లి ఈ వేరు సంగతి దాచకుండా చెప్పండి. మూలికే కదా అని చెప్పకపోవడం వల్ల డాక్టర్లు కారణం కోసం వేరేచోట వెతుకుతూ రోజులు పోగొట్టుకుంటారు.

ఫూజి: శుద్ధి ప్రాణం కాపాడే చోటు

పైన చెప్పిన వేరుకు ఇది పూర్తిగా ఎదురు. ఫూజి అంటే అకోనైటం కార్మైకేలీ మొక్క పక్కవేరు. సిచువాన్‌లోని జియాంగ్‌యౌ దీనికి ప్రసిద్ధి. మన ఆయుర్వేదంలోని వత్సనాభికి (వసనాభి) సొంత బంధువు. పచ్చి వేరులో అకోనిటిన్, మెసకోనిటిన్, హైపకోనిటిన్ ఉంటాయి. ఇవి గుండె, నరాల కణాల్లోని సోడియం ద్వారాలకు అతుక్కుని వాటిని మూసుకోనివ్వవు. నాలుక తిమ్మిరితో మొదలై గుండె లయ తప్పేదాకా పోతుంది. రెండు మిల్లీగ్రాముల అకోనిటిన్ మనిషిని చంపగలదు. దీనికి విరుగుడు మందు లేదు.

ఈ అణువుకు రెండు ఆమ్లపు ముక్కలు అతికి ఉంటాయి, విషమంతా ఆ అతుకుల్లోనే ఉంది. ఉప్పుబట్టీల్లో మిగిలే మెగ్నీషియం క్లోరైడ్ నీటిలో వేర్లను రోజుల తరబడి నానబెట్టి, ఉడికించి, కడిగి, ఆవిరి పడితే మొదట ఎసిటిక్ ఆమ్లం ముక్క ఊడి బెంజాయిల్ అకోనిన్ అవుతుంది. విషం వందల రెట్లు తగ్గుతుంది. తర్వాత బెంజోయిక్ ఆమ్లం ముక్క కూడా పోతే మిగిలేది అకోనిన్. దాని విషం వేల రెట్లు తక్కువ. చైనా ఫార్మకోపియా ప్రకారం శుద్ధి చేసిన ఫూజిలో మొదటి మూడు విషాలూ కలిపి 0.020 శాతం దాటకూడదు, బెంజాయిల్ అకోనిన్ వంటి పదార్థాలు మాత్రం కనీసం 0.010 శాతం ఉండాలి. ఆ రెండో అంకె వెనక ఆలోచన ఉంది. మరీ ఎక్కువ ఉడికిస్తే విషంతోపాటు మందూ పోతుంది. ఆయుర్వేదంలో వత్సనాభిని గోమూత్రంలో నానబెట్టి ఎండలో పెట్టే శోధన, పాలలో ఉడికించే శోధన కూడా ఈ విషాన్ని తగ్గించేవే. దారులు వేరైనా రెండు వైద్యాలూ ఒకే అణువుతో తలపడ్డాయి. నాకు ఇందులో గౌరవం కలిగించే సంగతి ఇదే.

ఇక్కడ పచ్చిదా శుద్ధిదా అన్న ప్రశ్నే రాకూడదు. పచ్చిది లోపలికి తీసుకోకూడదు. శుద్ధి చేసిన ముక్కలను కూడా అనుభవమున్న వైద్యుడు రాసిస్తేనే, ఆయన చెప్పినంతసేపు, మిగతా మూలికల కంటే ముందుగా మరిగించాకే వాడాలి. మరిగించడం అంటే ఆఖరి విషాన్ని కూడా విరిచే పని. ఐదు నిమిషాలు తగ్గించి గ్యాస్ మిగుల్చుకునే చోటు కాదిది. సారాలో నానబెట్టిన అకోనైట్ వేర్లు మరీ ప్రమాదం. ఆల్కహాల్ విషాన్ని బయటికి లాగుతుంది కానీ విరవదు. చైనాలో ఇలాంటి మందుసారాలు తాగి చనిపోయినవాళ్లున్నారు. మన దేశంలో వత్సనాభి విషపదార్థాల జాబితా అయిన షెడ్యూల్ ఇ1లో ఉంది. అది కలిసిన ఆయుర్వేద మందు సీసా మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. అది లేని సీసా కొనొద్దు.

దిహువాంగ్, దాహువాంగ్

దిహువాంగ్ (రెహ్మానియా) హెనాన్ రాష్ట్రపు వేరు. పచ్చిగా ఎండబెట్టినదానిలో కాటల్పాల్ అనే పదార్థం ఉంటుంది, స్టాకియోజ్ అనే చక్కెర చాలా ఉంటుంది. సారాతో ఆవిరి పట్టి నల్లగా, తియ్యగా, జిగటగా చేసినదానిలో కాటల్పాల్ బాగా తగ్గిపోతుంది. స్టాకియోజ్ విరిగి ఫ్రక్టోజ్ వంటి చిన్న చక్కెరలు వస్తాయి. మైలార్డ్ చర్యతో హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్ చేరుతుంది. 2020 నాటి చైనా ఫార్మకోపియా పచ్చిదానికి కాటల్పాల్ కనీసం 0.20 శాతం అడిగింది. ఆవిరి పట్టినదానికి ఆ కొలతే పెట్టలేదు, వేడికి కాస్త నిలిచే రెహ్మానియోసైడ్ డి అనే పదార్థాన్ని కొలిచింది. ఇవి రెండు వేర్వేరు మందులు కాబట్టి ఒకటి రాసిస్తే షాపువాడు రెండోది ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు, జీర్ణం మందగించినవాళ్లు నల్లదాని విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

దాహువాంగ్ అంటే రూబార్బ్ వేరు. పచ్చిదానిలో సెన్నోసైడ్లు ఉంటాయి. మన సునాముఖి ఆకులో ఉండేవీ అవే. సారాతో ఆవిరి పడితే అవి చాలా తగ్గుతాయి. ఒకటి రెండు రోజుల మలబద్ధకానికైతే ఇంత దూరం నుంచి తెప్పించుకోవడం ఎందుకు, సునాముఖి ఇక్కడే దొరుకుతుంది. అదీ రోజూ వాడకూడదు.

కొనేటప్పుడు

పేరులో షెంగ్ అని ఉంటే పచ్చిది, జి లేదా షూ అని ఉంటే శుద్ధి చేసినది, హోంగ్ అంటే ఎర్రది. ప్యాకెట్ మీద ఇవేవీ లేకుండా మొక్క పేరొక్కటే ఉంటే అది ఏ రకమో మీకు తెలియదు, చాలాసార్లు అమ్మేవాడికీ తెలియదు. ఆ బ్యాచ్ పరీక్ష కాగితం అడగండి. అందులో పైన చెప్పిన పదార్థాల శాతాలతోపాటు సీసం, కాడ్మియం, పురుగుమందుల అవశేషాలు ఉండాలి. సల్ఫర్ డయాక్సైడ్ కూడా చూడండి. వేరు తెల్లగా, పురుగు పట్టకుండా ఉండటానికి గంధకం పొగ పెడతారు. ఆ పొగతో అసలు పదార్థాలు కూడా మారిపోతాయి. తెల్ల పియోనీ వేరులోని పియోనిఫ్లోరిన్ సల్ఫోనేట్ అనే వేరే పదార్థంగా మారిపోవడం బాగా తెలిసిన ఉదాహరణ. చైనా పరిమితి సాధారణంగా కిలోకు 150 మిల్లీగ్రాములు, పియోనీతో సహా పది మూలికలకు 400. పాలలా తెల్లగా మెరిసే జిన్సెంగ్ కంటే కొద్దిగా పసుపుపచ్చగా, వాసన చూస్తే ముక్కు మండకుండా ఉన్నదే తీసుకోండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు ఈ పోలికలన్నీ పక్కన పెట్టేయవచ్చు. వాళ్లకు వీటిలో ఏ వేరూ సొంతంగా మొదలుపెట్టదగినది కాదు. మిగతావాళ్లు ఏది కొన్నా ఒకసారికి ఒక్క వేరే మొదలుపెట్టండి. నాలుగైదు వేర్లు కలిపిన పొడి తిన్నాక ఏదైనా తేడా చేస్తే, దేనివల్ల వచ్చిందో డాక్టరు కూడా తేల్చలేరు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే ఆపి, మత్తు డాక్టరుకు ప్యాకెట్ చూపించండి.